‘తొలగిం…’ అన్న రెండు బటన్లు

2018 జూలై 2, సోమవారం నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో, అప్పటికింకా రైలు నడవని మెట్రో స్తంభాల పక్కన, మూడో అంతస్తులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో తెలుగు భాషా సమీక్షకురాలిగా చేరాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. తెలుగు గురించి వాళ్ళకు తెలిసింది అంతకన్నా తక్కువ కాబట్టి ఉద్యోగం ఇచ్చారు.

సంస్థ పని ఇది. లైనక్స్ అనేది ఎవరైనా తీసుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం. అందులోని బరువైన భాగాలు తీసేసి, పాత కంప్యూటర్ల మీద కూడా చురుగ్గా నడిచే డెస్క్‌టాప్‌గా మలిచి, బడులకూ కోచింగ్ సెంటర్లకూ ఇచ్చేవారు. పాత ఇనప సామాన్ల బండికి వేయబోయిన కంప్యూటర్ కూడా దీనితో లేచి కూర్చునేది. ఇది అతిశయోక్తి కాదు, నేను చూశాను. ‘తేలిక, సులువు, తెలుగు’ అన్నది వారి ప్రకటన. మొదటి రెండూ ఇంజనీర్ల బాధ్యత. మూడోది మాది.

తెర మీద కనిపించే ప్రతి మాటనూ, అది బటన్ మీది ఒక్క పదమైనా సరే, ‘స్ట్రింగ్’ అంటారు. అనువాదకుడు రాస్తాడు, సమీక్షకురాలు చూస్తుంది, రిలీజ్ మేనేజర్ ఆమోదిస్తాడు. విడుదలకు ముందు ఒక తేదీ పెట్టి, ఆ తరువాత ఏ మాటా ముట్టుకోకూడదంటారు. దాన్ని ‘స్ట్రింగ్ ఫ్రీజ్’ అంటారు. మా అనువాదకుడు నర్సింహ, నల్గొండ వైపు వాడు. రిలీజ్ మేనేజర్ ప్రసాద్ గారిది తెనాలి దగ్గర పల్లె. ఇద్దరూ పనిమంతులే. ఒకే గదిలో ఉంచినప్పుడు మాత్రం పని జరిగేది కాదు.

2019 వేసవిలో నాలుగో విడుదలకు సిద్ధమవుతున్నాం. అప్పటిదాకా ఫైలు చెరిపేటప్పుడు వచ్చే ప్రశ్న కింద రెండు బటన్లు ఉండేవి: ‘తొలగించు’, ‘వద్దు’. వీటిలో మర్యాద లేదని ప్రసాద్ గారికి తోచింది.

“పెద్దవాళ్ళు కూడా వాడతారండీ. ‘తొలగించు’ అని పురమాయిస్తే ఏం బాగుంటుంది? ‘వద్దు’ అని మొహం మీద అనడమేంటి?” అన్నారు.

“సార్, బటన్ మనల్ని అంటలేదు. మనమే మిషిన్‌ను అంటున్నం,” అన్నాడు నర్సింహ. “మిషిన్‌కు అండి ఏంది? రేపు బండి ఆపేటప్పుడు బ్రేకు గారూ అంటరా?”

“మీ వైపు మర్యాద అనేది…” అని ప్రసాద్ గారు ఆగారు.

“చెప్పుండ్రి సార్. సగంల ఆపిన్రేంది?”

నా అభిప్రాయం అడిగారు. ప్రశ్న అడిగేది యంత్రం కనుక ప్రశ్నలో ‘అండి’ ఉండాలి, బటన్ మీది మాట మనిషిది కనుక అక్కడ అక్కర్లేదు అన్నాను. దాన్ని సమావేశ వివరాల్లో ‘పరిశీలనలో ఉంది’ అని రాసుకున్నారు. రాసుకున్న తరువాత దాన్ని ఎవరూ పరిశీలించలేదు.

మూడు సమావేశాల తరువాత రాజీ కుదిరింది. మొదటి బటన్ ‘తొలగించండి’, ప్రసాద్ గారి కోసం. రెండోది ‘తొలగించవద్దు’. దీని చివర ‘అండి’ తగిలించకపోవడం నర్సింహ కోసం. ఒక బటన్ కోస్తాకు, ఒక బటన్ తెలంగాణకు. ఇంత న్యాయమైన పంపకం నేను పెద్ద పెద్ద చోట్ల కూడా చూడలేదు. బటన్ వెడల్పు ఎంత అన్న ప్రశ్న ఆ మూడు సమావేశాల్లో ఎవరి నోటా రాలేదు. జూన్ 14న ఫ్రీజ్ అయింది. జూలై 1న విడుదల, కేకు. కేకు మీద విడుదల పేరు పట్టక చివరి అక్షరాన్ని అట్ట మీద క్రీముతో రాశారు. అందరూ ఫోటోలు తీసుకున్నారు.

జూలై 12, శుక్రవారం మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఫోను. పోటీ పరీక్షలకు తెలుగు మాధ్యమంలో తయారు చేసే చోటు అది. వారి టైపిస్టు పద్మ, ఆదివారం పెట్టవలసిన మోడల్ పరీక్ష పత్రాలున్న ఫోల్డరు మొత్తం చెరిపేసింది. అది కంప్యూటర్లన్నీ కలిసి వాడుకునే డిస్కులో ఉంది. అక్కడ చెరిపింది చెత్తబుట్టలోకి వెళ్ళదు, నేరుగా పోతుంది. అందుకే యంత్రం ముందుగా అడుగుతుంది. అడిగింది కూడా. కాబట్టి తప్పు పద్మదే అని సెంటర్ డైరెక్టర్ ఆంజనేయులు గారు తేల్చారు. ‘యూజర్ ఎర్రర్’ అని ప్రసాద్ గారు తేల్చారు. అంటే వాడిన మనిషి పొరపాటు. మా వృత్తిలో ఈ రెండు మాటలు దొరికితే ఇంక దర్యాప్తు ఉండదు.

మరునాడు ప్రసాద్ గారు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. ‘నా అజాగ్రత్త వల్ల’ అని మొదలై, కింద పద్మ సంతకానికి ఖాళీతో ముగుస్తుంది. సంతకం పెడితే ఆమెను తీసేస్తారు, మా సంస్థ మీద మాట రాదు. “ఆడవాళ్ళు మీరు మాట్లాడితే గొడవ లేకుండా అయిపోతుందండీ,” అన్నారు. ఎల్‌బీ నగర్ సెంటర్‌కు వెళ్తూ ఆటోలో ఆ కాగితం చదివి రెండు అక్షరదోషాలు దిద్దాను. అలవాటు.

పద్మకు ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. మీర్‌పేట్‌లో కిరాయికి ఉంటూ ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. ఇంట్లో నెలనెలా వచ్చే జీతం ఆమెది ఒక్కటే. ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ఏడవడం లేదు. మండిపడుతోంది.

“సంతకం పెడ్తే నౌకరి పోతది. పెట్టకపోతే గూడ పోతది. పెన్ను మీరే తెచ్చిన్రా మేడం, నన్నే తెచ్చుకోమంటరా?”

ఏం జరిగిందో చెప్పమన్నాను.

“రెండుసార్లు సేవైన ఫైలు ఒకటుంటే తీసేద్దామని నొక్కిన, చెయ్యి జారి ఫోల్డర్ మీద పడ్డది. ఫోల్డర్ మొత్తం తీసెయ్యాల్నా అని అడిగింది. వద్దు అందామని చూస్తే వద్దు ఏడుంది? రెండు దిక్కులా ఒక్కటే ఉన్నది.”

“పాత దానిలో వద్దు ఏ వైపు ఉండేది?”

“పాత దాంట్ల చదివి కొడుతుంటి మేడం. దిక్కు ఎవరు చూసిన్రు? చదువు రానోళ్ళకు గావాలె దిక్కు.”

ఆంజనేయులు గారు తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. “కళ్ళు పెట్టి చూసుకోవాలి కదండీ! అంత పెద్ద అక్షరాలు కనపడవా?” అన్నారు.

ఆమె యంత్రం ముందు కూర్చున్నాను. పాతకాలపు చదరపు మానిటరు. మా ఆఫీసులో పరీక్షలన్నీ వెడల్పాటి తెరల మీద జరిగాయి. ఆ ఉమ్మడి డిస్కులోనే ‘ప్రయోగం’ అని ఖాళీ ఫోల్డరు ఒకటి తయారు చేసి, చెరపమని ఆదేశం ఇచ్చాను. ప్రశ్న వచ్చింది. ప్రశ్నలో లోపం లేదు, మర్యాదగా ‘అండి’తోనే ఉంది. కింద బటన్ల వెడల్పు, ఇలాంటి చిన్న తెరల మీద, ఇంగ్లీషు మాటలకు కొలిచి బిగించింది. పట్టనిది తెగి, బదులుగా మూడు చుక్కలు వచ్చాయి. ఎడమవైపు ‘తొలగిం…’. కుడివైపు ‘తొలగిం…’.

లేచి కుర్చీ ఆంజనేయులు గారికి చూపించి, ‘తొలగించవద్దు’ అన్నది నొక్కమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. “ఇదేంటండీ, సగం సగం వచ్చాయి?” అన్నారు. పద్మ చేతులు కట్టుకుని నిలబడింది. మా ఇద్దరి ముందు తెలియదనడం డైరెక్టరుకు కుదరదు. ధైర్యంగా ఎడమది నొక్కారు. ఫోల్డరు పోయింది.

ప్రసాద్ గారికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. తొలగించవద్దు ఏ వైపు ఉందని అడిగాను.

“రాసే ఉంటుంది కదా మేడం. చదవండి.”

“చదివాను. తొలగిం, చుక్క, చుక్క, చుక్క. రెండూ అంతే.”

“అండి ఉన్నది తొలగించే బటనండీ.”

“అండి పట్టలేదు. వద్దు కూడా పట్టలేదు.”

ఇటు పద్మ నెమ్మదిగా, “మర్యాద మొత్తం చుక్కలల్ల పోయింది,” అంది.

అప్పుడు మాట్లాడింది ఆంజనేయులు గారు. “నేనే స్వయంగా నొక్కానండీ. నన్ను కూడా యూజర్ ఎర్రర్ అంటారా?” అని ఫోనులోకి గట్టిగా అరిచారు. టైపిస్టు నొక్కితే మనిషి పొరపాటు, డైరెక్టరు నొక్కితే యంత్రం లోపం. ఈ విభజన మా నియమావళిలో ఎక్కడా లేదు. కానీ ఆ గదిలో అందరికీ వెంటనే అర్థమైంది. సంతకం లేని కాగితాన్ని నేను మడిచి సంచిలో పెట్టుకున్నాను. పరీక్ష ‘సాంకేతిక కారణాల వల్ల’ వారం వాయిదా పడింది. కొట్టివేతలతో నిండిన పాత ప్రింట్లు చూసి పద్మ పత్రాలన్నీ మళ్ళీ టైపు చేసింది. ఉద్యోగం నిలిచింది. క్షమాపణ ఎవరూ చెప్పలేదు.

సోమవారం లోపం నమోదు చేసే పని నాది. మా దగ్గర లోపాలకు నాలుగు తరగతులు. అన్నిటికన్నా కింది తరగతి భాష, రూపురేఖలు. అన్నిటికన్నా పైది సమాచార నష్టం, దానికి అప్పటికే బయటికి వెళ్ళిన విడుదలనైనా పంపిణీ ఆపాలి. ప్రసాద్ గారు నాలుగో తరగతిలో రాయమన్నారు. నేను మొదటి దానిలో రాశాను.

“ఆఖరి రెండు మూడు అక్షరాల కోసం విడుదల ఆపేస్తామా అండీ?” అన్నారు.

ఆ అక్షరాల్లోనే ‘వద్దు’ ఉంది అన్నాను. ఆంజనేయులు గారి ఫిర్యాదు కూడా అప్పటికి రాతపూర్వకంగా వచ్చింది. విడుదల ఆగింది.

కొత్త మాటల కోసం మళ్ళీ సమావేశం. పద్మకు ఫోను చేసి, ఆ చోట నువ్వయితే ఏమంటావని అడిగాను. “ఉంచు అంట. తీసెయ్ అంట. ఇంకేమంటరు?” అంది. రెండూ పొట్టివి, మొదటి అక్షరానికే తేడా తెలుస్తుంది. ‘తీసెయ్’ పుస్తక భాష కాదని ప్రసాద్ గారు, ‘ఉంచు’ ఎవరి యాస అని నర్సింహ కొంతసేపు ఆలోచించారు. ఈసారి వెడల్పు కొలిచే బాధ్యత ఒక ఇంజనీరుకు అప్పగించారు కనుక చర్చ అరగంటలో ముగిసింది. సవరించిన కూర్పు పది రోజులకు వెలువడింది. విడుదల పత్రంలో దీని గురించి ఒకే వాక్యం: ‘బటన్లు మరింత తేలికయ్యాయి.’

నేను నేర్చుకున్నది ఇది. తెలుగులో కాదనడం క్రియ చివర జరుగుతుంది. చోటు చాలనప్పుడు ముందు తెగేది ఆ చివరే. ఆ తరువాత ఉద్యోగం వదిలేదాకా ప్రతి స్ట్రింగునూ వాడేవాళ్ళకున్న అతి చిన్న తెర మీద పెట్టి, ఎక్కడ తెగుతుందో చూసి, తెగిన ముక్కకు అర్థం ఏమవుతుందో రాసిన తరువాతే మిగతా దోషాలు దిద్దాను. మర్యాద సంగతి, చోటు మిగిలితే.