పాత గుంజ నుంచి పన్నెండు అడుగులు

"...పన్నెండు అడుగులే! బాతుల కొట్టం గుంజ దగ్గర మొదలుపెట్టి నీళ్లలోకి పన్నెండు. నలభై ఏళ్లుగా అదే లెక్క."

"ఆ గుంజ ఉంటే కదా! చలికాలంలో కొట్టం పక్కకి జరిపించానని చెప్పానా లేదా?"

"ఎప్పుడు చెప్పావే?"

"నువ్వు గురకపెడుతున్నప్పుడు."

గట్టుమీద ముప్పైమంది పారలు పట్టుకుని మాక్ వింగ్‌హౌ, ఆయన భార్య సౌఫాన్‌ల తగవు వింటున్నారు. వింగ్‌హౌకి డెబ్భై ఒకటి. పడవ పోటీలయ్యాక ఊరి డ్రాగన్ పడవను కాలవ బురదలో పాతేది ఆయనే, మరుసటేడు నాలుగో నెల ఎనిమిదో రోజున వెతికి తీసేదీ ఆయనే. ఆ పాత కలప ఎండకి బీటలిస్తుంది, బురదలో మాత్రం నూరేళ్లయినా చెక్కుచెదరదు. పడవ జాడ చూపినవాళ్లదే ఆ ఏడు పోటీల్లో పడవమీద కూర్చుని కొట్టే డోలు.

ఆయనకి ముందు ఈ పని వాళ్ల నాన్నది. పోటీలు నిషేధించిన పదకొండేళ్లూ ఆ పెద్దాయన నత్తలు ఏరే నెపంతో రోజూ కాలవలో దిగి, మడమతో పడవను తడిమి చూసుకుని వచ్చేవాడు. ఇంట్లోవాళ్లు పదకొండేళ్లూ నత్తలకూరే తిన్నారు.

"మామా, మధ్యాహ్నానికి కాలవలోకి పోటునీరు వస్తుంది. ఈలోగా దొరక్కపోతే డోలు ఇంకొకరికి ఇవ్వాల్సిందే," అన్నాడు ఊరిపెద్ద తోక్.

"మా నాన్న మడమే నాకూ వచ్చిందిరా," అని వింగ్‌హౌ బురదలోకి దిగాడు. నడుందాకా కూరుకుపోయాక కేక పెట్టాడు. "దొరికింది!"

అరగంట తవ్వితే సైకిలు బయటపడింది.

"ఇది నాదే!" అన్నాడు తోక్. "దీనికోసం పక్కూరివాళ్లతో మూడేళ్లుగా మాటల్లేవు."

సౌఫాన్ బాతుల తవుడు గిన్నె కింద పెట్టింది. కొత్త కొట్టం నుంచి ఎడమకి తొమ్మిది అడుగులు వేసి, గడ్డి మొలిచిన పాత గుంజ గుంట దగ్గర ఆగింది.

"ఇక్కణ్ణించి నీ పన్నెండు."

రెండో పారపోటుకే చెక్క టక్కుమంది. అందరూ అరిచారు. తర్వాత అందరూ సౌఫాన్ వంక చూశారు. ఆ డోలు ముందు ఇంతవరకూ ఆడమనిషి కూర్చోలేదు.

తోక్ గొంతు సవరించుకున్నాడు. "మామా, ఆచారం ప్రకారం చూస్తే..."

"ఆచారం నాకు నేర్పకు."

వింగ్‌హౌ మొలలోంచి డోలుకర్ర తీసి, పంట్లానికి తుడిచాడు. దానికి ఇంకాస్త బురద అంటుకుంది.

"ఈ ఏడు డోలు మా ఆవిడ కొడుతుంది. బాతుల్ని నేను చూసుకుంటా."