అందరూ ఉమ్మారు, మావాడు మింగాడు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చర్చి సంఘంలో ఒకావిడ రాసిపెడుతోంది.

మా ఆయన సారా తాగి తాగి, కామెర్లొచ్చి పోయాడు. కొడుకు చదువుకుని కాలిఫోర్నియాలో ఇంజనీరయ్యాడు. వాడికీ అదే తాగుడు రోగం అంటుకుందని కోడలు ఉత్తరం రాస్తే, ఎనభైల మొదట్లో నేనిక్కడికి వచ్చిపడ్డాను. వచ్చాక నాలుగు నెలలు వాడు చుక్క ముట్టలేదు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. "ఇంకొక్కసారి తాగితే పిల్లనెత్తుకుని టెక్సాస్‌లో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను అత్తయ్యా. ఇక రాను" అని ముందే చెప్పింది. ఊరికే అనే మనిషి కాదు.

ఆ వేసవిలో వాడి ఆఫీసు పెద్దాయన ఒక పడవ మాట్లాడి, తన కింద పనిచేసేవాళ్ళని ద్రాక్షతోటల మధ్య నది మీద తిప్పుతానని పిలిచాడు. కోడలికి ఆ రోజు డ్యూటీ. "అక్కడ పోస్తారు. మీరు పక్కనే కూర్చుని ముట్టనివ్వకండి" అంది. "నేనుంటాగా తల్లీ" అన్నాను.

అది బ్యాటరీతో నడిచే పడవ. పొగ లేదు, చప్పుడు లేదు. దాన్ని నడిపే గడ్డమాయన నీళ్ళలో అగ్గిపుల్ల కూడా వేయనివ్వడు. రెండు గట్ల మీదా గుంజలకి కట్టిన ద్రాక్షతీగలే. ఒక్కో తోట ముందు పడవ ఆపి, ఆ తోట సీసా తెరిచి, అందరికీ గ్లాసుల్లో కాస్త కాస్త పోశాడు. నేను విస్కీ సీసాల కోసమే వెతుకుతున్నాను. కనపడలేదు. నా గుండె కుదుటపడింది.

"గుళ్ళో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసమేనమ్మా, తాగు" అన్నాడు మావాడు, నా మొహం చూడకుండా.

నమ్మాను. మా ఊళ్ళో బల్లకి నల్లద్రాక్ష ఉడకబెట్టి, పంచదార కలిపి, గుడ్డలో వడకట్టింది ఏళ్ళ తరబడి నేనే. పసిపిల్లలకి కూడా పట్టొచ్చు. కొంగు తలమీద కప్పుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. నేను కళ్ళు తెరిచేసరికి వాడి గ్లాసు ఖాళీ. నాది పెదవికి తాకించాను. పులుపు, వగరు, గొంతులో మంట. అది మా ఆయన నోటి వాసన.

చుట్టూ చూశాను. అందరూ నోట్లో పోసుకుని, పుక్కిలించి, పడవాయన పెట్టిన బక్కెట్లో ఉమ్ముతున్నారు. పెద్దాయన కూడా. రుచి చూడడమంటే అంతేనట. మావాడొక్కడే మింగుతున్నాడు.

"ఉమ్మెయ్యరా నాయనా. నీకు దణ్ణం పెడతాను."

"అమ్మా, ఇన్సల్ట్ చేయకు. బాస్ చూస్తున్నాడు."

"ఆ బాసే ఉమ్మాడు కదరా!"

"ఆయనకేం, ఇంటికెళ్ళి తాగుతాడు. నన్ను మీ ఇద్దరూ తాగనిస్తారా?" అని నవ్వి, నా చేతిలో గ్లాసు కూడా లాక్కుని తాగేశాడు.

నాలుగో తోట దగ్గరికొచ్చేసరికి, పడవాయన పొయ్యకముందే మావాడు సీసా అందుకున్నాడు. పెద్దాయన వాడి వీపు తట్టి ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. అంతమందిలో కొడుకు చెయ్యి పట్టి లాగడానికి నాకు సిగ్గేసింది. మా ఆయనప్పుడూ ఇంతే. పక్కింటివాళ్ళు వింటారని నోరు నొక్కుకునే బతికాను. నా సిగ్గు వల్ల ఎవరూ బాగుపడలేదు.

ఆఫీసతను ఒకడు మమ్మల్ని కారులో దింపాడు. కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది. వాణ్ణి చూడలేదు, నన్నే చూసింది.

"తాగాడా అత్తయ్యా?"

"రుచి చూశాడమ్మా, అందరితో పాటు..."

"తాగాడా?"

"తాగాడు."

అరవలేదు, ఏడవలేదు. "మీరుండగానా!" అంది. మర్నాడు పిల్లనెత్తుకుని విమానమెక్కింది.

నాలుగేళ్ళయింది. మావాడు మళ్ళీ మానలేదు. అన్నం కలిపి పెడితే తినడు. వాంతి చేసుకున్న దుప్పట్లు ఉతుకుతుంటాను. వాడి కోసం ప్రార్థన చేస్తున్నావా అమ్మా అని పాస్టరుగారు ఆదివారాలు అడుగుతారు. చేస్తున్నానండీ అంటాను. చేయడం ఎప్పుడో మానేశాను.