కిరీటం కింద అన్న మాట

మా చిన్నాయన లింగస్వామి హైదరాబాద్ కొత్తపేట పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో తోలుతాడు. ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రం హిరణ్యకశిపుడు. నల్గొండ జిల్లాలో మా ఊరి బాగోతం మేళంలో సగం మంది బతుకుదెరువుకు ఎల్బీనగర్ చుట్టుపక్కలకే చేరారు. దాంతో నరసింహ జయంతి ఆటను కూడా ఇక్కడికే తెచ్చుకున్నారు. ఊళ్ళో తెల్లవార్లూ సాగే బాగోతం ఇక్కడ మైకు పర్మిషన్ అయిపోయేలోపు ముగియాలి. నరసింహస్వామి అయినా పోలీసుల టైముకే స్తంభంలోంచి బయటికి రావాలి.

హిరణ్యకశిపుడి వేషానికి ఒక కట్టుబాటు ఉంది. మేళానికి పెద్ద అంతయ్య తాత. నరసింహుడి వేషం ఆయనదే. హిరణ్యకశిపుడికి కిరీటం పెట్టేముందు ప్రతిసారీ చెవిలో ఒకటే మాట చెప్తాడు: "ఇది నెత్తిమీదున్నంతసేపు హరిని ఎంతన్న తిట్టు. మనిషిని తిట్టకు."

మా వాళ్ళ లెక్కలో హిరణ్యకశిపుడు రాక్షసుడి కంటే ముందు భక్తుడు. వైకుంఠం వాకిట్లో కాపలా కాసినవాడు. శాపం తగిలాక తొందరగా తిరిగి పోవాలని స్వామితో పగను కోరి తెచ్చుకున్నవాడు. కొడుకు ప్రహ్లాదుడు ప్రేమతో హరిని ఎంతసేపు తలుచుకుంటాడో, తండ్రి కోపంతో అంతసేపు తలుచుకుంటాడు. అందుకే ఆ తిట్లు పూజ కింద ముడతాయి. అదే నోటితో పక్కవాణ్ణి తిడితే అవి వట్టి తిట్లు. దేవుడు వాటిని తీసుకోడు.

ఏళ్ళ తరబడి చిన్నాయన ఈ మాట తప్పలేదు.

చైతన్యపురిలో మేం కిరాయికున్న ఇల్లు శ్రీరామమూర్తి సార్‌ది. గుడివాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు. ఆయన అందరినీ "అండీ" అంటాడు. పాలవాణ్ణి అంటాడు, చెత్తబండి అమ్మాయిని అంటాడు, గేటుకు అడ్డంగా పడుకున్న కుక్కను కూడా అంటాడు. "జరగండి, జరగండి, కాలు పడుద్ది" అని ఆయన కుక్కను బతిమాలుతుంటే మా చిన్నమ్మ అండాలమ్మ లోపలికి పోయి నవ్వేది. మార్కెట్లో చిన్నాయనను "ఏ ట్రాలీ" అని పిలుస్తారు. ఇంటికొస్తే గేటు దగ్గర "లింగస్వామి గారూ" అని వినపడేది. ఎండాకాలం సాయంత్రాలు డాబా మీద చిన్నాయన పద్యాలు పాడుకుంటుంటే సార్ కుర్చీ వేసుకొని వినేవాడు. జయంతి నాడు మొదటి కొబ్బరికాయ ఆయనే కొట్టేవాడు, ముందు వరుసలో కూర్చునేవాడు.

2011 ఎండాకాలానికి ఎటు చూసినా తెలంగాణ ఉద్యమమే. నేనూ డిగ్రీ మధ్యలో వదిలేసి ధర్నాలకు తిరుగుతున్నాను. ఆటకు ముందు మా బస్తీ యూత్ లీడర్ మధు ఇంటికొచ్చాడు. ఈసారి ప్రహ్లాదుడు మన మాట మాట్లాడాలి, హిరణ్యకశిపుడు ఆంధ్రోళ్ళ మాట మాట్లాడాలి అన్నాడు. చిన్నాయన కుదరదన్నాడు. మధు అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

"ఇన్నేండ్లు సినిమాలల్ల మన మాట రౌడీలకు, జోకర్లకు పెట్టిన్రు కాకా. మనమే టికెట్ కొని నవ్వినం. ఒక్క పూట వాళ్ళ మాట రాక్షసునికి పెడితే ఏం పోతది?"

ఆ మంట నిజమైనదే. అయినా చిన్నాయన కిరీటం కట్టుబాటు చెప్పి పంపించేశాడు.

ఆట రోజు ఎప్పుడూ లేనంత జనం. మధ్యలో ఉద్యమ పాటలుంటాయని వచ్చినవాళ్ళే ఎక్కువ. పాటకు ఊగిపోయేవాళ్ళు, పద్యం ఎత్తుకోగానే ఫోన్లు తీసేవాళ్ళు. చిన్నాయన గొంతు చించుకుంటున్నాడు. చెమటకు ముఖం మీద రంగు కారిపోతోంది. ఎవరూ చూడడం లేదు. స్తంభం ఘట్టం వచ్చింది. గద ఎత్తి గర్జించాల్సిన చోట ఆయన ఆగాడు. గద చంకలో పెట్టుకొని, చేతులు కట్టుకొని, మెడ కొంచెం పక్కకు వాల్చాడు.

"ఏవండీ ప్రహ్లాద గారూ, మీ హరి గారు ఎక్కడుంటారండీ? ఈ స్తంభంలో ఉంటారాండీ?" తర్వాత స్తంభం వైపు తిరిగి, "జరగండి, జరగండి, కాలు పడుద్ది" అన్నాడు.

జనం లేచి ఈలలు వేశారు. పక్క బస్తీలవాళ్ళకు అది ఆంధ్ర మాట. మా వీధివాళ్ళకు అది ఒక్క మనిషి. ఎవడో సార్ పేరు పెట్టి అరిచాడు. తలలన్నీ ముందు వరుస వైపు తిరిగాయి. సార్ నవ్వుతున్నాడు. చప్పట్లు కూడా కొట్టాడు. అది చూసి చిన్నాయనకు ఇంకా ఊపొచ్చింది. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ అన్నాడు.

స్తంభం పగిలింది. అంతయ్య తాత ఆయన్ని తొడమీదికి ఈడ్చుకొని, పొట్టమీద గోళ్ళు ఆనించి, ముఖం మీదికి వంగాడు. జనానికి అది స్వామి ఉగ్రం. తాత అడిగిన మాట చిన్నాయనకు ఒక్కడికే వినపడింది.

"హరిని తిట్టుమన్న గద బిడ్డా. గా ముసలాయనేం జేసిండు నీకు?"

చచ్చిపోతున్న వేషం కాబట్టి జవాబు చెప్పడానికి లేదు.

మర్నాడు పొద్దున సార్ గేటు దగ్గర పేపరు తీసుకుంటున్నాడు. చిన్నాయన తల దించుకొని ట్రాలీ దగ్గరికి పోబోయాడు. సారే పలకరించాడు: "ఏం లింగస్వామీ, బండి తీస్తున్నవా?"

తీస్తున్నవా అన్నది ఆయన నోట్లో సరిగ్గా తిరగలేదు. ఎక్కడ ఆపాలో తెలియక చివర సాగింది. చిన్నాయన వెటకారమనుకున్నాడు. వెటకారమైతే బాగుండేది. తర్వాత టమాటాల బండివాడితోనూ, పాలవాడితోనూ ఆయన అట్లాగే, అండీ లేకుండా, మా మాటలో తడుముకుంటూ మాట్లాడటం మేం విన్నాం. మేడమీద తలుపు వేశాక భార్య లలితకుమారి గారితో మాత్రం ఆయన మాట ఆయన మాటలాగే ఉండేది. తలుపు తీస్తే మారిపోయేది.

చిన్నాయన గేటు మానేసి వెనక సందులోంచి తిరగడం మొదలుపెట్టాడు. ఇల్లు మారుదామని చిన్నమ్మ అంటే ఒప్పుకోలేదు, చేసిందంతా చేసి పారిపోయినట్టుంటదన్నాడు. స్వామి కొడతాడని ఎదురుచూశాడు. ట్రాలీ బోల్తా పడలేదు. జ్వరం కూడా రాలేదు. ఆ ఏడు బత్తాయి సీజన్ బాగా నడిచింది. అన్నం ముందు కూర్చుని ఒకసారి నాతో, "కొడితే ఐపోతుండె. కొడ్తలేడు" అన్నాడు.

మరుసటేడు జయంతి దగ్గరపడ్డాక ఒక నిర్ణయానికి వచ్చి, నన్ను తోడు తీసుకొని మేడెక్కాడు. సార్ కూర్చోమన్నాడు. చిన్నాయన నిలబడే చెప్పాడు. తప్పయిందని, ఎంతమంది ముందు నవ్వించాడో అంతమంది ముందే మైకులో పేరు చెప్పి కాళ్ళు మొక్కుతానని.

సార్ ఒకసారి కిటికీ వైపు చూశాడు. మూసే ఉంది. అప్పుడు మెల్లగా, తన మాటలో అన్నాడు:

"వద్దండీ. మైకులో నా పేరు మళ్ళీ వద్దు. ఆ రోజు నేను నవ్వాను చూశారా, నవ్వకపోతే ఏవవుద్దోనని నవ్వాను. చప్పట్లూ అందుకే. మళ్ళీ అంతమంది నా వైపు తిరిగితే ఈసారి ఏం చెయ్యాలో నాకు తెలీదు."

చిన్నాయన ఇంకేదో మాట కోసం నిలబడ్డాడు. లలితకుమారి గారు మంచినీళ్ళిస్తే తాగాడు. క్షమించానన్న మాట రాలేదు. సార్ ఆలోచన అంతదూరం పోలేదు, ఆయన ఇంకా భయంలోనే ఉన్నాడు. తన సిగ్గు కడుక్కోవడానికి ఆ ముసలాయన్ని మళ్ళీ జనం ముందుకు ఈడ్చబోయానని మెట్లు దిగేటప్పుడే చిన్నాయనకు అర్థమైనట్టుంది.

ఆ ఏడు హిరణ్యకశిపుడి వేషం మేళంలోనే ఉన్న భిక్షపతి కట్టాడు. చిన్నాయన జనంలో నేలమీద కూర్చున్నాడు. స్తంభం ఘట్టం రాగానే వెనక నుంచి "అండీ, అండీ" అని కేకలు మొదలయ్యాయి. కిందటేడు నవ్విన నవ్వు వాళ్ళకు బాగా గుర్తుంది. భిక్షపతి ఏం చెయ్యాలన్నట్టు చిన్నాయన వైపు చూశాడు.

చిన్నాయన లేచి, కేకలేసేవాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించాడు. ఎవరి పేరూ ఎత్తలేదు.

"అది నేను జేసిన తప్పు. మళ్ళ అడగకుండ్రి."

"కూసో కాకా, కనపడ్తలేదు" అన్నాడెవడో. కొందరు దుమ్ము దులుపుకొని వెళ్ళిపోయారు. భిక్షపతి పద్యం ఎత్తుకున్నాడు. చిన్నాయన కూర్చోలేదు. స్తంభం పగిలి స్వామి బయటికి వచ్చేదాకా అట్లాగే చేతులు జోడించి, ఆటకు వీపు పెట్టి, జనం ముఖాలు చూస్తూ నిలబడ్డాడు.