నేను మోసుకెళ్ళిన కబురు

పటాలంలో మేజరుగా ఉన్నన్నాళ్ళూ నా కోపానికి ఓ అర్థం ఉండేది. మంత్రినయ్యాక దండ వేసినవాణ్ణల్లా కసురుకోవడం మొదలుపెట్టాను. మా గుడివాడవాళ్ళు "మంత్రి పదవొచ్చినా మేజరుగారి చిరాకు పోలేదండీ" అని నా ముందే నవ్వేవారు.

అరవైల్లో, సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజులవి. బందరు బంగళాలో ఉండగా నా పాత పటాలం నుంచి ఫోనొచ్చింది. దివిసీమ కుర్రాడొకడు పోయాడు. తంతి ఇంకా ఊరు చేరలేదు. ఇంట్లో తల్లి ఒక్కతే, చదువు రాదు. ఆ తంతి ఎవడో దారినపోయేవాడు చదివి చెబుతాడన్న ఊహే నేను భరించలేకపోయాను. నేనే వెళ్ళి చెబుతానన్నాను.

మర్నాడు ఆదివారం. ఊళ్ళోకి వెళ్ళేసరికి చర్చిలో ఆరాధన జరుగుతోంది. జీపు చప్పుడు విని పాస్టరుగారు పరుగున వచ్చారు. ఆ ఊరివాళ్ళు రోడ్డు కోసం ఎన్నాళ్ళుగానో అర్జీలు పెడుతున్నారు. అది మంజూరు చేయడానికే వచ్చాననుకుని, గుమ్మానికి కట్టిన బంతిపూల దండ విప్పి నా మెడలో వేశారు.

"ఆగండి మహాప్రభో! నేను వచ్చిన పని వేరు" అని, ఆ కుర్రాడి తల్లి ఎక్కడుంటుందని అడిగాను.

"లోపలే ఉందండీ, సాక్ష్యం చెబుతోంది. మీరూ వినాలి, రండి బాబుగారూ."

దేవుడు చేసిన మేలు పదిమందిలో నిలబడి చెప్పుకోవడాన్ని వాళ్ళు సాక్ష్యం అంటారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ మధ్య ఆమె ముసుగు సర్దుకుంటూ నిలబడి ఉంది.

"నిన్న నా బిడ్డ దగ్గర్నుంచి ఉత్తరమొచ్చిందండీ. క్షేమంగా ఉన్నానమ్మా అని రాశాడు. వాడి తలవెంట్రుకైనా రాలనివ్వని దేవుడికి స్తోత్రం."

అందరూ "స్తోత్రం" అన్నారు. పూటపూటా వండేముందు పిడికెడు చొప్పున తీసి దాచిన బియ్యాన్ని ఆమె కానుకగా తెచ్చి బల్ల దగ్గర పెట్టింది. నన్ను చూసి మొహం విప్పారింది. "మావాడు మీ పటాలమేనండీ, బాబుగారూ!"

అయ్యో, ఆ క్షణాన నేల చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. దండ తీసేసి, ఆమెను బయటికి రమ్మన్నాను.

"అమ్మా, ఆ ఉత్తరం రాశాక జరిగింది. మీవాడు లేడమ్మా."

ఆమె జీపు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు.

"ఎప్పుడండీ?"

"మొన్న మంగళవారం."

లోపల పాస్టరుగారు ఆ కుర్రాడి పేరెత్తి, ఇంకా కాపాడమని ప్రార్థన చేస్తున్నారు. ఆమె అటు తిరిగింది.

"ఇంటికి తీసుకెళ్తాను, రామ్మా" అన్నాను.

"దేవుడి ముందు తప్పు సాక్ష్యం చెప్పేశానండీ. పాపం, వాళ్ళంతా వాడు బతికున్నాడనే అనుకుంటున్నారు."

లోపలికి వెళ్ళి, ప్రార్థన అయ్యేదాకా ఆగి, ఇందాకటి చోటే నిలబడింది. నేను గుమ్మంలో ఉండిపోయాను.

"ఇందాక నేను చెప్పింది నిజం కాదంటండీ. నా బిడ్డ పోయాడంట."

వెనకెక్కడో చెవులు సరిగా వినపడని ముసలావిడ మాత్రం, అలవాటు కొద్దీ, "స్తోత్రం" అంది.

ఆమె మెల్లగా వెనక్కి నడిచి, ఆ ముసలావిడ పక్కన కూర్చుని, చెవి దగ్గర మళ్ళీ చెప్పింది.