చీమలింటి పెళ్లిపెద్ద

ఒంటిమీది చర్మం బిగుతైపోతే దాన్ని విడిచేసి కొత్తది తొడుక్కునే ప్రాణులున్నాయే, వాళ్లిళ్లలో పెళ్లయినా చావైనా అబ్దోన్ పిన్సోన్ హాజరు కావలసిందే. ఆరుకాళ్ల చీమలు, ఎనిమిది కాళ్ల సాలీళ్లు, ఏటి పీతలు, కాళ్లు లెక్కపెట్టేలోపు విసుగొచ్చే జెర్రులు, అసలు కాళ్లే లేని ఏలికపాములు, అందరూ ఆయనకు దగ్గరి బంధువులే. శుభానికి నల్ల సూటు. అశుభానికి అదే సూటు, జబ్బకు నల్ల రిబ్బను. మా ఊరు బారిచారా వీధుల్లో ఆ సూటు కనబడితే జనం ఆపి, ఇవాళ ఎవరింట్లోనండీ అని అడిగేవారు. ఆయన చెప్పేవాడు కూడా. మా ఇంటి చూరు కింద తేలమ్మ ప్రసవించింది, బారసాల అనో, కంచె మీద కీచురాయి కొత్తబట్టలు కట్టుకుంది, చూసొస్తున్నా అనో.

ఆ తేలు బారసాల సంగతి ఊరంతా చెప్పుకుంది. తేలు పిల్లల్ని వీపున మోసుకు తిరుగుతుంది. అబ్దోన్ నిచ్చెనెక్కి ఒక్కో పిల్లకీ ఒక్కో పునీతుడి పేరు పెట్టుకుంటూ పోయాడు. క్యాలెండర్‌లో పునీతులు అయిపోయే వేళకి పిల్లలన్నీ పాతచర్మాలు విడిచి కిందికి దిగిపోయాయి. ఎవరు ఎవరో ఆనవాలు లేదు. ఆయన నిచ్చెన మీదే కూర్చుని మళ్లీ మొదటి పునీతుడి దగ్గర మొదలుపెట్టాడు.

సాలీడు పెళ్లిలో ఇంకో చిక్కు. పెళ్లయీ కాగానే పెళ్లికూతురు పెళ్లికొడుకుని నమిలేసింది. పెళ్లికి వెళ్లినవాడు అక్కడికక్కడే జేబులోంచి రిబ్బను తీసి కట్టుకున్నాడు. ఆవిడకి అభినందనలు చెప్పాలా, ఓదార్పు చెప్పాలా అన్నది తేలలేదట. "రెండూ చెప్పి వచ్చాను. కడుపు నిండి ఉంది, ఏమీ అనుకోలేదు" అన్నాడు.

చేలో అడుగుపెట్టే ముందు టోపీ తీసేవాడు. గుప్పెడు మట్టిలో ఉన్న సన్నపాటి పురుగుల ముందు పవిత్రవారంలో చర్చి ముందు చేరే జనమెంత, అనేవాడు. ఇంతమంది నెత్తిన నడుస్తూ టోపీ అయినా తీయకపోతే ఎలా. వానపాము మాత్రం ఎదురొచ్చినా పలకరించేవాడు కాదు. అది పుట్టిన చర్మంతోనే పోతుంది, చొక్కా మార్చదు, కాబట్టి చుట్టరికం లేదు. మరి పాము మారుస్తుంది కదా అని ఎవరో మెలిక పెట్టారు.

"పాముకి వెన్నెముక ఉంది. వెన్నెముక ఉన్నవాళ్లతో మాకు రాకపోకల్లేవు" అన్నాడు అబ్దోన్.

"అందుకా మా పుట్టింటి గడప తొక్కనిది" అంది కిటికీలోంచి ఆయన భార్య ఎర్మెలిందా.

ఒకసారి కంచరగాడిదలు తోలేవాళ్లింట్లో చిన్నపిల్లకి ఆకుపసరు పోస్తే ఏలికపాము పడింది. బూటు తాడంత పొడుగు. తల్లి సిగ్గుతో తలుపేసుకుంది. అబ్దోన్ రిబ్బను కట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని వెళ్లి తలుపు కొట్టాడు. ఎంతకాలం ఈ ఇంటి ఉప్పు తిన్నాడో పాపం, తిన్నింటిని ఒక్క మాటన్నాడా అని ఓదార్చాడు. ఆ తల్లి నవ్వలేక చచ్చింది. లేచేటప్పుడు బల్ల మీద చిన్న చెప్పుల జత పెట్టాడు. "పోయినాయన ఆస్తి. కాళ్లు లేవు కదా, వాడనేలేదు. కాళ్లున్న వారసురాలు ఈ పిల్లే" అన్నాడు.

చెప్పులు కుట్టడం అబ్దోన్ వృత్తి. అక్కడే ఎర్మెలిందా కడుపుమంట కూడా మొదలయ్యేది.

ఎందుకంటే ఆ మనిషి పెళ్లయిన నాటినుంచి ఆమెకు ఏదీ తన పేరు మీద ఇవ్వలేదు. కొత్త చెప్పులు తెస్తే, రోకలిబండ పురుగు వాళ్లింట్లో ఒక జత మిగిలిపోయిందట, నీకిమ్మన్నారు అనేవాడు. తేనె తెస్తే తేనెటీగలు అడిగి మరీ పంపాయి. మెడకు చుట్టుకునే పట్టుగుడ్డ పట్టుపురుగు జ్ఞాపకార్థం ఇచ్చింది. ఆ మాటకొస్తే పెళ్లి అడిగినప్పుడు కూడా తన నోటితో అడగలేదు. రాత్రంతా కీచురాళ్లు మీ పేరే అంటున్నాయి, నన్ను పంపాయి అన్నాడు. అప్పుడు వయసులో ఉంది కాబట్టి ముద్దొచ్చింది. ఇప్పుడు ఒళ్లు మండేది. పక్కింటి బ్రిసేయిదా మొగుడు తాగుబోతు. వాడు ఒకసారి సంతలోంచి పగిలిన అద్దం తెచ్చి, ఇదిగో, నీకే తెచ్చాను అన్నాడట. బ్రిసేయిదా ఆ మాట చెప్పుకోని రోజు లేదు. ఎర్మెలిందా ఆ పగిలిన అద్దాన్ని చూసి కూడా ఏడ్చేది.

అన్నింటికన్నా ఎక్కువ ఏడుపు చీమల మీద. మా కొండల్లో పెద్ద పిర్రల చీమలుంటాయి. వానాకాలం మొదట్లో, రాత్రంతా వాన కురిసి తెల్లారి ఎండ కాసిన రోజున, ఆ పుట్టల్లోంచి రెక్కల పెళ్లికూతుళ్లు బయలుదేరతాయి. ఊరంతా పనులు వదిలేసి, మోకాలిదాకా బూట్లు తొడుక్కుని, పట్టుకోవడానికి పరుగెత్తుతుంది. రెక్కలు తుంచి ఉప్పేసి పెంకు మీద వేయిస్తే ఇంకేం కావాలి. అబ్దోన్ మాత్రం పెళ్లిరోజు తొడుక్కున్న సూటు వేసుకుని, తన చేను చివర ఉన్న పుట్ట దగ్గర పెళ్లిపెద్దలాగా నిలబడేవాడు. ప్రతి పెళ్లికూతురూ పుట్టింట్లో తిండికి పెంచే బూజులో ఒక ముక్క నోట్లో పెట్టుకుని వెళ్తుందట, అత్తారింట్లో కొత్త తోట వేసుకోవడానికి, పెరుగు తోడు పట్టుకెళ్లినట్టు. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు బొంగురుపోయేది.

"నేను పుట్టింటినుంచి రాగి కాగు మోసుకొచ్చాను. దానికెప్పుడూ మీ గొంతు బొంగురుపోలేదు" అనేది ఎర్మెలిందా. ఇంట్లో చీమ కనిపిస్తే చీపురు తీసేది. సవతి అనే పిలిచేది.

సవతి ఆరుకాళ్లది అయినంతకాలం ఆ కాపురం కిందామీదా పడుతూ నడిచిపోయింది. ఆ ఏడు వానలు మొదలైన వారంలో, దుకాణంలో దుమ్ము దులుపుతుంటే, తోలు చుట్టల వెనక గుడ్డ కప్పి దాచిన బూట్ల జత దొరికింది. మోకాలిదాకా వచ్చేవి. ఆడవాళ్లవి. మెత్తటి లోపలి తోలు, దగ్గరదగ్గరగా వేసిన కుట్టు. ఆమె వెంటనే కూర్చుని కాలు పెట్టి చూసింది. దూరలేదు. సబ్బు రాసుకుని చూసింది. మడమ దగ్గర ఆగిపోయింది. ఎదురుగా తన పాదం కొలతకు చెక్కిన కొయ్యపాదం గూట్లో పెట్టి ఉంది. తన కాలు ఆయనకు తెలియక కాదు.

ఆ బూట్లు పట్టుకుని లోపలికి వచ్చింది. "ఎవరికివి?"

"పెళ్లికూతురి వాళ్లు చేయించారు" అన్నాడు అబ్దోన్.

"ఏ పెళ్లికూతురు?"

"పుట్టలో ఉన్న అమ్మాయి."

"చీమకి రెండే బూట్లా? మిగతా నాలుగు కాళ్లూ ఏం పాపం చేశాయి?"

అబ్దోన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి అబద్ధం చేతకాదు, నిజం చెప్పడానికి నోరు రాదు. మధ్యలో ఉన్నవి పురుగులే. వేడి చాకొలేట్ గిన్నెలో ముఖం దాచుకున్నాడు.

బ్రిసేయిదా ఈ కబురు విని నిప్పు రాజేసింది. పాదం అంత చిన్నదంటే వయసూ చిన్నదే అయ్యుంటుంది వదినా, అంది. అన్నేళ్లు సూటు వేసుకుని చేను చివరికి వెళ్లడం చీమల కోసమేనని ఎలా నమ్మావమ్మా అని కూడా అంది. ఎర్మెలిందాకి అప్పటిదాకా అది నిజంగా తట్టలేదు. ఆ రాత్రి బయట వాన, లోపల ఆమె. తెల్లారి ఎండ కాసింది. అబ్దోన్ సూటు వేసుకున్నాడు, బూట్ల మూట చంకన పెట్టుకుని బయలుదేరాడు. ఆమె తన లంగాలూ రవికెలూ దుప్పట్లో మూటగట్టింది. చూస్తాను, ఆడమనిషి కనబడిందా, అటునుంచి అటే శాన్ హిల్‌లో చెల్లెలింటికి పోతాను, మళ్లీ ఈ గడప తొక్కను అని బ్రిసేయిదాకి చెప్పి, ఇంట్లో తిరిగే గుడ్డచెప్పులతోనే వెనక నడిచింది.

పుట్ట దగ్గర ఆడమనిషి కనబడనే కనబడింది. రాతిగోడ చాటున ఎర్మెలిందా మూట గట్టిగా పట్టుకుని తొంగిచూసింది.

చిన్న పాదాలే. వయసు మాత్రం చిన్నది కాదు. ఆమె పస్తోరా, లోయలో ఒంటరిగా ఉండే ముసలి వితంతువు. కాళ్లకు గోనెగుడ్డలు చుట్టుకుని, చీమలు వేసుకోవడానికి చేత చట్టి పట్టుకుని, పుట్ట అంచున నిలబడి ఉంది. గోనె మీద రక్తపు మరకలు. కావలి చీమలు కొరికితే బ్లేడుతో కోసినట్టే ఉంటుంది. పస్తోరా సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరేమిచ్చినా పుచ్చుకోదు. చర్చివాళ్లు దుప్పటి ఇస్తే మడతపెట్టి తిరిగి ఇచ్చింది. ఎవరో కోడిని పంపితే అది గుడ్డు పెట్టేదాకా ఉంచి, గుడ్డుతో సహా వెనక్కి పంపింది. పరుగెత్తలేదు కాబట్టి ఏ పుట్ట దగ్గరికి వెళ్లినా కుర్రవాళ్లు ముందుండేవారు. ఈ పుట్ట దగ్గరికి మాత్రం కుర్రవాళ్లు రారు. వస్తే అబ్దోన్ సూటులో ఎదురొచ్చి, మీరు పెళ్లికొడుకు తరఫా, పెళ్లికూతురు తరఫా, కట్నకానుకలేం తెచ్చారు అని మొదలుపెట్టేవాడు. అది అయ్యేసరికి చీమలన్నీ ఎగిరిపోయేవి.

అబ్దోన్ టోపీ తీసి వంగాడు. "దోన్యా పస్తోరా, మీరు పెళ్లికూతురి తరఫు. ఆ ఇంటివాళ్లు తమవైపు పెద్దావిడకి పాదరక్షలు ఇవ్వడం ఆనవాయితీ."

"నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను దోన్ అబ్దోన్."

"నా దగ్గర కాదు. నేను కుట్టుకూలీ మనిషిని. ఇచ్చేది వాళ్లు."

ముసలామె పుట్టని చూసింది, బూట్లని చూసింది. "చీమకి నేను తిరిగి ఏమివ్వాలి?"

"ఏమీ లేదు. వాళ్లింట్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు."

పస్తోరా చట్టి కింద పెట్టింది. మనుషుల దగ్గర పుచ్చుకోను అన్నాను గానీ చీమల దగ్గర పుచ్చుకోనని ఎప్పుడూ అనలేదు అంది. రాతి మీద కూర్చుని గోనెలు విప్పి బూట్లు తొడుక్కుంది. సరిగ్గా సరిపోయాయి. మట్టిలో పడ్డ అడుగు చూసి కొలత తీసి ఉంటాడు.

గోడ చాటున ఎర్మెలిందాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండో సవతి లేదు. అయినా అసూయ పోలేదు, పక్కకి జరిగి కూర్చుంది అంతే. ఈ ముసలామె పుచ్చుకోదు కాబట్టి చీమల పేరు చెప్పాడు, బాగానే ఉంది. నేను పుచ్చుకుంటాను కదా, చేతులు చాపుకునే ఉన్నాను కదా, నాకూ చీమల పేరేనా అనుకుంది. అంతలో గుడ్డచెప్పుల్లోకి కావలి చీమలు దూరాయి. ఆమె పెట్టిన కేకకి పుట్టమీది పెళ్లివారు కూడా ఒక్క క్షణం ఆగి ఉంటారు.

అబ్దోన్ పరుగెత్తుకొచ్చాడు. ఏమీ అడగలేదు. ఆమెను గోడమీద కూర్చోబెట్టి, పాదాల్లోంచి చీమల్ని ఒక్కొక్కటే పీకి, తన బూట్లు విప్పి ఆమె ముందు పెట్టాడు. మేజోళ్లతో మట్టిలో నిలబడ్డాడు.

"తొడుక్కో పిల్లా. ఇవి పెళ్లికూతురి తరఫు..."

"ఆగండి" అంది ఎర్మెలిందా. "ఆవిడవైతే నాకొద్దు. ఎవరిస్తున్నారో చెప్పండి."

అబ్దోన్ సాయం కోసం పుట్ట వైపు చూశాడు. పుట్ట పనిలో ఉంది. మేజోళ్ల మీదికి చీమలు ఎక్కుతున్నాయి.

"నేనే" అన్నాడు.

"నేనే అంటే?"

"అబ్దోన్. నీ మొగుణ్ణి."

"దేనికిస్తున్నారు?"

ఆయన ఒక కాలెత్తాడు, అది దించి రెండోది ఎత్తాడు. చెవుల ఎరుపు మెడ దాకా పాకింది. "త్వరగా చెప్పేయండి" అంది పుట్ట దగ్గర్నుంచి పస్తోరా, "ఇక్కడ కొరికేవాళ్లకి ఓపిక తక్కువ."

"నీ పాదాలంటే నాకిష్టం" అన్నాడు అబ్దోన్, ఎవరో గోరుకింద సూది గుచ్చి చెప్పించినట్టు. "మొదటిసారి కొలత తీసుకున్నప్పటినుంచీ. చెప్పడానికి నోరు రాక."

ఎర్మెలిందా బూట్లు తొడుక్కుంది. ఒక్కోదాంట్లో రెండు పాదాలు పడతాయి. మూట విప్పి లంగాలూ రవికెలూ ఆయన చేతుల్లో పోసింది, ఖాళీ దుప్పటి దులుపుకుని, బూట్లు ఈడ్చుకుంటూ పుట్ట మీదికి నడిచింది. సూటు వేసుకున్న పెళ్లిపెద్ద పెళ్లాం లంగాలు గుండెకు హత్తుకుని, ఒంటికాలి మీద గెంతుతూ ఉండిపోయాడు. ఆమె వంగి, అన్నింటికన్నా పెద్ద పిర్రల దాన్ని రెక్కలు పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

"ఇక మా ఇంటికి నీ పేరు చెప్పి ఏదైనా వచ్చిందో, నిన్ను ఉప్పేసి వేయిస్తాను" అంది. అలా అని దాన్ని దుప్పట్లో వేసుకుంది. ఎలాగూ వేయించేదే.