మెరుపు తీసేసిన రాయి

మా ఉస్తాద్ పోయాడు. నిరుడే వీసా ఖలాస్ చేసుకుని కడప దగ్గర తన ఊరికి వెళ్లిపోయాడు. మొన్న గురువారం మధ్యాహ్నం జుహర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట. ఆయన కొడుకు ఫోన్ చేసేసరికి నేను ఇక్కడ గల్ఫ్‌లో, సజ్జాలోని మా రాళ్ల కార్ఖానాలో ఉన్నాను. ఉలి పక్కన పెట్టి, నలుగురూ చూస్తున్నా ఏడ్చాను. పదకొండేళ్లు ఆయన పక్కన కూర్చుని రాయి చెక్కినవాణ్ణి, నేను కాక ఇంకెవరు ఏడవాలి?

హోటళ్లకూ విల్లాలకూ పలకలు చేసే కార్ఖానా మాది. ఆయన చేతి అక్షరాల కోసం అబుదాబి నుంచి కూడా వచ్చేవాళ్లు. నాదేమో ఆగలేని స్వభావం. "రాయికేం తొందర లేదబ్బీ, ఉన్నదంతా నీకే" అని రోజుకొక్కసారైనా అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

కరోనా సద్దుమణిగిన ఏడు మా ముదీర్, అంటే మేనేజరు, జర్మనీ మేడం, ఒక కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. దానిమీద చెక్కాల్సిన పేరు, మాకు తెలియని అక్షరాల్లో ఉంది. జర్మనీలో వాళ్ల పల్లె చివర, కొండవాలులో యూదుల శ్మశానం ఉందట. పశువుల బేరం చేసుకుంటూ తరతరాలుగా ఆ ఊళ్లో బతికిన కుటుంబాలు. హిట్లర్ కాలంలో వాళ్లను తరిమేశారు, చంపేశారు. సమాధి రాళ్లు కొన్ని పీకి ఇళ్లకు వాడుకున్నారు. మేడం వాళ్ల ఇంటి ముందు మెట్టు బాగుచేయించబోయి తిరగేస్తే, అడుగున అక్షరాలు! ఎవరో తల్లి సమాధి రాయి, సగమే మిగిలింది. మేడం వాళ్లమ్మకు తొంభై దాటాయి. "చిన్నప్పటి నుంచీ ఆమెను తొక్కుతూ తిరిగానే" అని ఆ ముసలమ్మ సరిగ్గా తినడం మానేసిందట. ఆ సగం పక్కన పేరున్న కొత్త రాయి నిలబడితే, కళ్లారా చూసి పోవాలని ఆమె కోరిక.

ఉస్తాద్ మూడు వారాలు వేరే పని ముట్టుకోలేదు. ఆ కొత్త రాయిని ముఖం చూసుకునేంత నునుపుగా తీర్చాడు. మేడం రాయిని చేత్తో తడిమి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది, అక్కడ రాళ్లన్నీ గరుకువేనట. డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ఒక్కలాగే పడుకోవాలని వాళ్ల ఆచారం.

"ఏంది ఉస్తాద్, గింత చేసినంక మళ్లా మొదటికా? ముసలమ్మ అన్ని రోజులుంటదా?" అన్నాను.

"తప్పు నాదే అబ్బీ. లాబీలకు చేసి చేసి చేతికి మెరుపు రోగం పట్టుకునింది. మా కబరస్తాన్‌లోనూ ఇంతే గదా, నేనెట్ల మర్చిపోతి!" అని నవ్వి, సన్న ఉలితో పొడిచి పొడిచి ఆ మెరుపంతా తీసేశాడు. అక్షరం ఒక్కటి చెదరలేదు.

రాయి వెళ్లింది, నిలబడింది. ఇప్పుడు ఆ ఊరి బడిపిల్లలు వచ్చి గడ్డి పీకుతారట, పేర్లు చదువుతారట. ఇదంతా మేడం సంబరంగా చెబుతుంటే ఉస్తాద్ అడిగింది ఒకటే: "అమ్మ అన్నం తింటాందా?" తింటోందని విన్నాకే టీ తాగాడు, మహానుభావుడు.

ఆయన పోయిన సంగతి మేడంకు చెప్పాను. ఆ ముసలమ్మ ఉండదేమోనని ఎంత కంగారుపడ్డాను! ఆమె ఉంది, మా ఉస్తాదే ముందు పోయాడు. ఆదివారం ఫోటో వచ్చింది. యూదులు సమాధి మీద పూలకు బదులు గులకరాయి పెడతారట. మా ఉస్తాద్ పేరు చెప్పుకుని, మనవరాలు నడుము పట్టుకుంటే చక్రాల కుర్చీలోంచి సగం లేచి, ఆ ముసలమ్మ ఆయన చెక్కిన రాయి మీద గులకరాయి పెడుతోంది.