మూసుకోని గొడుగు

మెట్ల కింద మంచం పట్టేంత గదిలో గొడుగులాయన నలభై ఏళ్ళుగా విరిగిన ఊచలు మారుస్తున్నాడు. ఆయన చెయ్యి పడిన గొడుగు టక్కున తెరుచుకోవాలి, టక్కున మూసుకోవాలి. మొరాయించే గొడుగును ఎవరి చేతికీ ఇచ్చి ఎరగడు. ఇంట్లో ఎలాగూ ఆయన మాట చెల్లదు, గొడుగుల దగ్గరైనా చెల్లాలిగా.

బొగ్గు అనే నల్లకుక్క పన్నెండేళ్ళుగా ఆయన కాళ్ళ దగ్గరే కాపురం పెట్టింది. మొన్న రేకు గీరుకుని దాని వెనక తొడ చీరుకుపోతే, పశువుల డాక్టరమ్మ మత్తిచ్చి ఆరు కుట్లు వేసింది.

“పెద్దాయనా, పది రోజులు దీని నోరు అక్కడ తగలనివ్వకండి. కుట్లు ఊడితే మళ్ళీ మత్తివ్వాలి. ఈ వయసులో ఇంకోసారి తట్టుకోదు” అని చెప్పి, మెడకు ప్లాస్టిక్ గరాటా తగిలించి పంపింది.

ఆ గరాటాతో బొగ్గు గుమ్మానికి గుద్దుకుంది, కుర్చీకి గుద్దుకుంది, గిన్నె దగ్గర నిలబడి ఆయన మొహంలోకి చూసింది. ఆ ఒక్క చూపుకే ముసలాయన కరిగి నీరైపోయి గరాటా ఊడదీశాడు. తీసీ తీయకముందే నాలుక కుట్ల మీదికి పోయింది. దాని మూతి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు గానీ, పది రోజులు అలా ఎవరు కూర్చోగలరు?

బొగ్గు కాపలా భార్యకు అప్పగించి పనిలో దిగాడు. పాత గొడుగు గుడ్డ, ఎనిమిది ఊచలు తీసుకుని, కుక్క ముక్కు కంటే నాలుగు వేళ్ళు ముందుకొచ్చేలా మెత్తటి గరాటా కుట్టాడు. తిండివేళకు వెనక్కి ముడుచుకునేలా ప్రతి ఊచకూ కీలు పెట్టాడు. తొడిగి చూసి మురిసిపోయాడు. బొగ్గు ఎక్కడా గుద్దుకోలేదు, హాయిగా తింది. డాక్టరమ్మకు గరాటా చెయ్యడం నేర్పాలని కూడా అన్నాడు.

సాయంత్రానికి బొగ్గు గోడ దగ్గరికి వెళ్ళి మెడ ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. ఎనిమిది ఊచలూ టక్కున ముడుచుకున్నాయి. ఆయన పరిగెత్తేలోగా ఒక కుట్టు తడిసి వదులైంది.

భార్య దూది తెచ్చి గాయం అద్దుతూ అంది: “గొడుగు మూసుకోవాలయ్యా, ఇది మూసుకోకూడదు. ఈ చిన్న ముక్క తట్టకుండా నలభై ఏళ్ళ పనితనం అడ్డొచ్చిందా?”

ఆయన తీగ తీసుకుని ఒక్కో కీలునూ కదలకుండా బిగించడం మొదలుపెట్టాడు. మూసుకోని గొడుగు చేతులారా తయారుచెయ్యడం ఆయనకు అదే మొదలు. మూడో కీలు దగ్గర ఆగి నిట్టూర్చాడు కూడా. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. మర్నాడు తీసుకెళ్తే ఆ వదులైన కుట్టు చూసి, మిగతావి గట్టిగానే ఉన్నాయి, ఇక నాలుక తగలకపోతే చాలని డాక్టరమ్మ అంది.

ఆ తర్వాత బొగ్గు గోడను ఎంత నొక్కినా ఊచ కదల్లేదు. తిండివేళకు ఆయనే గిన్నెను గరాటా లోపలికి పట్టుకుని, అది తినేదాకా గొంతుక్కూర్చునేవాడు. మోకాళ్ళు పట్టేస్తే ఆవిడ చెయ్యిచ్చి లేపేది, లేపుతూ నాలుగు మాటలు అంటించేది.

పదో రోజు డాక్టరమ్మ కుట్లన్నీ తీసేసింది. తొడ మీద గులాబీరంగు గీత మిగిలింది. దాన్ని బొగ్గు ఒక్కసారి నాకి, రుచి లేనట్టు వదిలేసింది.

ఇంటికి రాగానే ఆయన గరాటా ముందేసుకుని తీగలన్నీ విప్పాడు. రెండుసార్లు తెరిచి మూశాడు. టక్కుమంది. అప్పుడు గానీ దాన్ని మేకుకు తగిలించలేదు.